తీసిన లోహం తిరిగి రాదు
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసపాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. సత్యనారాయణపేటలో మా ఇంటి ముందరి గదిలో బల్ల వేసుకొని, పాడైన హార్మోనియములు బాగుచేసి బ్రతుకుతున్నవాణ్ణి. పంచాంగ శ్రవణానికీ కవిసమ్మేళనానికీ నడుమ నాకు అరగంట కేటాయించి, “మీ పనిని గురించి నాలుగు మాటలు చెప్పండి” అని కార్యదర్శిగారు కోరినప్పుడు, “నా పని చెవితో చేసేది గాని నోటితో చేసేది కాదు గదండీ” అన్నాను. వారు వినలేదు. కాబట్టి తప్పులున్న చోట మన్నించవలసిందిగా ముందుగానే కోరుకుంటున్నాను.

ఈ సభలో రెండు రకాలవారున్నారు. కృష్ణా గోదావరి జిల్లాలనుండి తుంగభద్ర కాలువ వెంట పొలాలు చేసుకోవడానికి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు కొందరు. మా కుటుంబంవలె ఉన్నచోటనే ఉండి, రాష్ట్రం మారినవారు కొందరు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఊళ్ళు పంచుకున్నారు గాని ఇండ్లలోని పెట్టెలను ఎవరూ పంచలేదు. ఆ పెట్టెలే ఇప్పటికీ నా బల్లమీదికి వస్తున్నవి.

మన ఊరికీ ఈ పెట్టెకూ ఉన్న సంబంధం మీకు తెలియనిది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు ఈ ఊళ్ళోనే వకీలువృత్తి చేస్తూ సరసవినోదినీ సభను నడిపి, పద్యాలూ పాటలూ గల తెలుగు నాటకాలను రంగమెక్కించారు. కోలాచలం శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకాలు వ్రాసిందీ ఇక్కడనే. ఆచార్యులవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ, 1880లో పుట్టి 1946లో గతించిన మహానటుడు. రాఘవగారు సంగీతం కన్న నటనకే పెద్దపీట వేశారు. అయినప్పటికీ పల్లెటూళ్ళ నాటకం మాత్రం పద్యాన్ని విడువలేదు. పద్యం ఉన్నంత కాలం పెట్టె ఉండవలసిందే. మైకులు లేని రోజులలో, తెల్లవార్లూ జరిగే నాటకంలో, నటుడికి శ్రుతి అందిస్తూ, అతని రాగానికి వెనుక దన్నుగా నిలిచింది కాళ్ళ హార్మోనియం. కన్నడ కంపెనీ నాటకాలలోనూ అంతే. మనం హార్మోనిస్టు అన్నవాణ్ణి వారు పేటీ మాస్తరు అంటారు. భాష ఏదైనా రీడు మాత్రం ఒక్కటే. నా బల్లకు ఇరుభాషల వారున్నూ పోషకులే.

ఇక విషయానికి వస్తాను. హార్మోనియం మన దేశంలో పుట్టినది కాదు. పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబెన్ అనే ఆయన 1842లో దానికి హక్కుపత్రం పొందాడు. అది కాళ్ళతో తొక్కి గాలి నింపే పెద్ద పెట్టె. 19వ శతాబ్ది చివరి పాదంలో కలకత్తాలో ద్వారకనాథ ఘోషుగారు దానిని నేలమీద కూర్చొని ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండవ చేత్తో వాయించుకొనేటట్లు చిన్నది చేశారు. అప్పటినుండి అది ఇంటింటి వస్తువైంది. దాని రీడ్ల తయారీకి గుజరాతులోని పాలిటానా పేరుపడిన ఊరు.

రీడు అంటే ఏమిటి? ఒక ఇత్తడి పలకలో సన్నని కంత. ఆ కంతమీద ఒక కొసన బిగించిన ఇత్తడి నాలుక. గాలి తోసినప్పుడు నాలుక ఆ కంతలోనుండి పైకీ క్రిందికీ ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అంత స్థాయి స్వరం. నాలుకకూ కంత అంచుకూ నడుమ సందు కాగితం మందం కూడా ఉండదు. అందులో ఒక దుమ్ము కణం ఇరుక్కున్నా స్వరం బొంగురుపోతుంది, లేదా మూగపోతుంది.

శ్రుతి చేయడం కూడా వినడానికి సులభమే. నాలుక కొసను కొద్దిగా గీకితే కొస తేలికై వేగంగా ఊగుతుంది; శ్రుతి పెరుగుతుంది. నాలుక మొదట గీకితే అక్కడ బిగువు తగ్గి నెమ్మదిగా ఊగుతుంది, శ్రుతి తగ్గుతుంది. చిన్నపిల్లవాడైనా ఒక్క నిమిషంలో నేర్చుకోగలడు. ఎంత గీకాలో, ఎప్పుడు ఆపాలో నేర్చుకోవడానికి నాకు నలభై ఏండ్లు పట్టింది.

దానికి చెవి చేసే సాయం చెబుతాను. సెకనుకు 440 సార్లు ఊగే రీడునూ, 442 సార్లు ఊగే రీడునూ కలిపి పలికిస్తే, నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ అలలవలె వినబడుతుంది. తేడా ఒకటికి తగ్గితే అల ఒకటే. తేడా పూర్తిగా పోతే అల నిలిచి, రెండు రీడ్లూ ఒకే రీడుగా పలుకుతవి. మా గురువుగారు దీనిని “నీళ్ళు కుదుటపడడం” అనేవారు. ఆయన చదువు మూడో తరగతి. అయినా ఆయన చెవికి తప్పు దొరకకపోవడం నేను ఎరుగను.

ఆయన నేర్పిన క్రమం ఒకటున్నది. పెట్టె రాగానే మొదట గాలి చూడాలి. తిత్తి మడతలలో చిల్లులున్నవా, తోలు ఎండిందా, మెట్ల క్రింద మూతలు సరిగా కూర్చుంటున్నవా. గాలి కారే పెట్టెలో ఏ రీడూ నిజం చెప్పదు. రెండవది మురికి. పలుచని కాగితం ముక్కను నాలుక క్రిందికి దూర్చి మెల్లగా లాగితే సగం రోగాలు నయమవుతవి. ఈ రెండూ ముగిసిన తరువాతనే శ్రుతి. నాలుక క్రింద పలుచని రేకు ఆనిక పెట్టి, నిలువుగా మాత్రమే గీకాలి. అడ్డంగా గీత పడితే అదే రేపటి బీట. గీకినప్పుడు లోహం వేడెక్కుతుంది. చల్లారనిచ్చి, రీడును పెట్టెలో బిగించి, పెట్టె గాలితోనే పలికించి చూడాలి. ప్రతి గీకుడుకూ ఇంత తతంగమున్నూ జరగవలసిందే. “తొందరగా చేసేవాడు రీడ్లు అమ్ముకోవాలి గాని శ్రుతి చేయకూడదురా” అనేవారు.

ఈ క్రమాన్ని నేను ఒకసారి తప్పాను. ఈ సభలో చెప్పడానికి నాకు ఇంపైన సంగతి కాదు. అయినా ఇది చెప్పకపోతే తక్కినదంతా చెప్పి ప్రయోజనం లేదు.

ఇరవై ఏండ్ల క్రిందటి మాట. సిరుగుప్ప వైపు పల్లెనుండి ఒక పెద్దాయన కాళ్ళ హార్మోనియం బండిమీద వేయించుకొని వచ్చారు. జాతరలలో హరిశ్చంద్ర వేషం కట్టేవారు. అది ఆయన తండ్రిగారి పెట్టె; తండ్రిగారున్నూ అదే వేషగాడు. “తిత్తి కారుతాంది. ఒక మెట్టు పలకదు. అంతే అప్పా” అన్నారు. నేను తిత్తికి తోలు వేశాను. పలకని రీడులో ఇరుక్కున్న పురుగు రెక్క తీశాను. పని అక్కడితో అయిపోయింది.

కాని ఆ మధ్యనే నేను ఒక ఎలక్ట్రానిక్ శ్రుతి మీటరు కొని ఉన్నాను. కొత్త పనిముట్టు చేతిలో ఉంటే మనిషి ఊరుకోలేడు గదా. ఆ పెట్టె స్వరాలు ఒక్కొక్కటే మీటరుకు వినిపించాను. నాలుగున్నర శ్రుతికి గాంధారం తక్కువ చూపింది, ధైవతం తక్కువ, నిషాదం తక్కువ. “ముసలి పెట్టె, దిగజారిపోయింది” అనుకున్నాను. ఆయన అడగకపోయినా, సరిచేసి ఇస్తే సంతోషిస్తారని, మూడు రాత్రులు కూర్చొని కొసలు గీకి మీటరు ముల్లు నట్టనడుమ నిలిచేటట్లు చేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆయన వచ్చారు. తొక్కుడుపలక తొక్కి, షడ్జం పట్టి, పద్యం ఎత్తుకున్నారు. గాంధారం దగ్గర ఆగారు. మళ్ళీ ఎత్తుకున్నారు; మళ్ళీ అక్కడే ఆగారు. మెట్టుమీద వేలు అట్లే ఉంచి, “ఇది మా నాయన పెట్టె కాదప్పా” అన్నారు. కోపంగా అనలేదు. పెట్టె మారిపోయిందేమోనని నిజంగా అనుకున్నట్లు, వంగి దాని ప్రక్కచెక్కను తడిమి చూశారు.

ఏమి జరిగిందో లెక్కతో చెబుతాను. షడ్జం సెకనుకు 240 ఊగులు అనుకోండి. దానితో అల లేకుండా కలిసిపోయే అంతర గాంధారం 300. ధైవతం 400. నిషాదం 450. కంఠం సహజంగా వెతుక్కొనే చోట్లు ఇవి. కాని పియానోకూ హార్మోనియానికీ ఏ మెట్టునైనా షడ్జం చేసుకొని వాయించే వీలుండాలి. అందుకని స్థాయిని 12 సమభాగాలు చేశారు. ఆ సర్దుబాటులో గాంధారం 302.4 అవుతుంది, ధైవతం 403.6, నిషాదం 453. పంచమం మాత్రం 360కి బదులు 359.6, అది చెవికి పట్టదు. రోజుకొక నటుడికి ఒక్కొక్క శ్రుతిలో వాయించవలసిన కంపెనీ పెట్టెకు ఈ సర్దుబాటు తప్పదు. నా మీటరు ఎరిగినది ఆ ఒక్క లెక్కనే. ఈ పెట్టె మాత్రం ఒక్క మనిషి పెట్టె. ఆ తండ్రిగారు నాలుగున్నరలో తప్ప పాడలేదు. ఎవరో మహానుభావుడు ఆ గొంతు ప్రక్కన కూర్చొని, నాలుగున్నరకు గాంధార, ధైవత, నిషాదాలను సహజస్థానాలకు దించి పెట్టాడు. దిగజారినవి కావు అవి, దించినవి. ఆ మాట పెట్టెమూత లోపలి భాగంలో పెన్సిలుతో వ్రాసి కూడా ఉన్నది: “నాలుగున్నర”. మూత తీసినప్పుడు ఆ అక్షరాలు నా కంటపడినవి. చూశాను గాని చదవలేదు.

1940లో ఆకాశవాణివారు హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని కొన్ని నియమాలతో ఆ నిషేధాన్ని సడలించలేదు. స్వరాలు బిగిసిపోయినవనీ, గమకం పలకదనీ, సమభాగాల శ్రుతి మన సంగీతానికి అతకదనీ దానిమీద వచ్చిన అభియోగాలు. గమకం మాటకు జవాబు లేదు. శ్రుతి మాటకు మాత్రం ఆ పేరులేని పనివాడు తన గీకుడుకత్తితోనే జవాబు చెప్పి ఉన్నాడు. ఆ జవాబును నేను మూడు రాత్రులలో తుడిచివేశాను.

తప్పు ఒప్పుకొని, “వారం రోజులియ్యండి, మళ్ళీ దించి యిస్తాను” అన్నాను. కొస గీకి పెంచినదానిని దించాలంటే మొదట గీకాలి. అంటే రెండు కొసలా లోహం పోయింది. ఆత్రంలో గాంధారం రీడు మొదట ఒక గీత అడ్డంగా పడింది. పైకి కనబడనంత సన్నని గీత. నాదం దాదాపు పూర్వస్థితికి వచ్చింది. ఆయన పాడి చూసి, “ఇప్పుడు మా నాయనదే” అని తీసుకువెళ్ళారు. మరుసటి ఏడు జాతరలో, కాటిసీను పద్యం నడుమ, ఆ గాంధారం తెగింది. ఆ ఇత్తడి ముక్కను చేతిరుమాలులో కట్టుకొని నా దగ్గరికి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త రీడు వేసి శ్రుతి చేసి యిచ్చాను. శ్రుతి సరిపోయింది, కాని ఎనభై ఏండ్లు ఒకే గాలి త్రాగిన వరుసలో కొత్త నాలుక పలుకు వేరుగానే ఉండిపోయింది. ఆ తెగిన ముక్క ఈనాటికీ నా బల్లమీద ఉన్నది.

ఆనాటినుండి నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పెట్టె ఏదైనా సరే, పనిముట్టు తాకించకముందు ప్రతి స్వరం ఎంత పలుకుతున్నదో, లోపల ఎవరేమి వ్రాశారో, పూర్వపు గీకుడు కొసన ఉన్నదో మొదట ఉన్నదో అంతా వ్రాసుకుంటాను. యజమానిని ఒక ప్రశ్న అడుగుతాను: “ఇది ఎవరి గొంతుకు వాయించేవారు?” ఆ జవాబు వచ్చిన తరువాతనే మీటరు బయటికి తీస్తాను.

ఈ అలవాటు నాకు ఎక్కడ అక్కరకు వచ్చిందో చెబితే మీకు వింతగా ఉంటుంది. అమెరికాలో ముప్ఫై ఏండ్లు ఉద్యోగం చేసి తిరిగివచ్చిన ఇంజనీరుగారొకరు సంసార సామానుతోపాటు ఒక పాత ఎలక్ట్రిక్ పియానో తెచ్చుకున్నారు. ఉర్లిట్జరు కంపెనీవారిది, 64 మెట్లది. ఓడ ప్రయాణంలో ఏమైందో, రెండు మెట్లు మూగపోయినవి, ఒకటి టపటపమంటున్నది. బెంగుళూరులో విచారించినా చేసేవారు దొరకలేదట. “మీరు హార్మోనియం మనిషి గదా, ఇది మీ చేత అవుతుందాండీ?” అన్నారు. “మూత తీసి చూపండి సార్, తరువాత చెబుతాను” అన్నాను.

మూత తీయగానే నాకు నవ్వు వచ్చింది. లోపల వరుసగా రీడ్లు! ఇత్తడివి కావు, ఉక్కువి. గాలితో ఊగేవి కావు, గుడ్డ తొడిగిన చిన్న సుత్తి క్రిందినుండి కొడితే ఊగేవి. అయినా ఒక కొసన బిగించిన లోహపు నాలుకలే. దూరదేశంలో ఉన్న జ్ఞాతిని చూసినట్లయింది.

ఈ వాద్యాల చరిత్ర ఇంజనీరుగారే చెప్పారు. ఉర్లిట్జరువారు 1954 ప్రాంతంనుండి 1980 దశకం మొదటిదాకా వీటిని తయారుచేశారు. రే చార్లెస్ అనే ప్రసిద్ధ నీగ్రోజాతి గాయకుడు 1959లో దీనిమీద వాయించిన పాటతో దీని పేరు మారుమ్రోగింది. రెండవది రోడ్సు పియానో. హెరాల్డ్ రోడ్సు అనే సంగీతోపాధ్యాయుడు రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడి ఆసుపత్రి మంచాలమీద ఉన్న సైనికులకు పాఠాలు చెప్పడానికి, విమానాల అల్యూమినియం గొట్టాల ముక్కలతో ఒడిలో పెట్టుకొనే చిన్న పియానో చేశాడు. 1965 మొదలు 1980 దశకం నడిమిదాకా పెద్దయెత్తున తయారైన రోడ్సు పియానోకు అంకురం అదే. 1970 తరువాతి సినిమా పాటలలో చిరుగంటవలె మెత్తగా మ్రోగే నాదం వింటే, అది ఈ జాతి వాద్యానిది కావచ్చునని గుర్తుపట్టండి.

ఉర్లిట్జరు రీడు కొసన గోపురం ఆకారంలో చిన్న సీసపు టాకా ఉంటుంది. ఆ టాకాను ఆకురాయితో అరగదీస్తే కొస తేలికై శ్రుతి పెరుగుతుంది. టాకా చేర్చితే బరువై తగ్గుతుంది. మన రీడు సూత్రమే. రీడు కొస ఒక లోహపు పలక గంటులో ఆ అంచూ ఈ అంచూ తాకకుండా ఊగుతుంది. ఆ పలకకూ రీడుకూ నడుమ సుమారు 150 వోల్టుల విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఊగుతున్న రీడు ఆ సందును హెచ్చుతగ్గులు చేస్తే అదే సంకేతమై స్పీకరులో నాదంగా వస్తుంది. సందులో ఒక్క పొడి రేణువు పడితే టపటప శబ్దం. హార్మోనియంలో కాగితంతో తీసే మురికే ఇక్కడ కరెంటు ఆపి కుంచెతో తీయవలసిన మురికి.

రోడ్సులో రీడుకు బదులు సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. సుత్తికి రబ్బరు కొస. కడ్డీ ఎదుట అయస్కాంతమూ తీగచుట్టా. కడ్డీమీద ఒక బుల్లి స్ప్రింగు ఎక్కించి ఉంటుంది; దానిని కొసవైపు జరిపితే శ్రుతి తగ్గుతుంది, మొదటివైపు జరిపితే పెరుగుతుంది. గీకడమే లేదు! తప్పు చేస్తే వెనుకకు జరుపుకోవచ్చు. ఉర్లిట్జరులో తప్పు చేస్తే టాకా మళ్ళీ పోయవచ్చు. హార్మోనియంలో మాత్రం తీసిన లోహం తిరిగి రాదు. ఇది చూసిన నాడు నాకు మా పెట్టెమీద గౌరవం హెచ్చింది. నా చేతిమీద భయమున్నూ హెచ్చింది.

పని మొదలుపెట్టకముందు 64 స్వరాలూ నోటుబుక్కులో వ్రాసుకున్నాను. పై స్థాయి స్వరాలు మీటరుకు కొంచెం ఎక్కువ. అడుగు స్థాయి స్వరాలు కొంచెం తక్కువ. ఇరవై ఏండ్ల క్రిందటి నేనైతే ఆకురాయి పట్టేవాణ్ణే. ఈసారి చేతులు కట్టుకొని కూర్చున్నాను. “ఇంత క్రమంగా పెరుగుతున్నది దిగజారుడు కాదు సార్, ఎవరో కావాలని పెట్టినది” అన్నాను. ఇంజనీరుగారు కంపెనీవారి మరమ్మతు పుస్తకం సంపాదించి చూశారు. నిజమే. పియానోజాతి వాద్యాలలో పై స్వరాలను కొద్దిగా సాగదీసి, అడుగు స్వరాలను కొద్దిగా దించితేనే చెవికి ఒప్పుతుందట. కంపెనీవారే ఆ పట్టిక అచ్చువేశారు. మూగ రీడ్లు రెండూ తెగి ఉంటే విదేశంనుండి తెప్పించి, టాకా సరిచేసి, ప్రక్క స్వరాలతో పోల్చి నిలిపాము. తక్కిన 62 రీడ్ల టాకా జోలికి పోలేదు. సందులు మాత్రం శుభ్రం చేశాము. ఆ రాత్రి ఆయన వాయిస్తుంటే నా బల్లమీది ఇత్తడి ముక్క గుర్తుకు వచ్చింది. దాని అప్పు తీరలేదు గాని వడ్డీ కొంత చెల్లించాననుకున్నాను.

ఇక కొన్ని మనవులు. మీ ఇండ్లలో, మీ అటకలమీద పాత పెట్టెలుంటే వాటిని ఎండలో పెట్టకండి. చెక్క బీటలు వారుతుంది, తిత్తి అతుకులు విడుతవి. తడిగోడకు ఆనించకండి. రీడ్లకు నూనె రాయకండి. నూనెకు దుమ్ము అంటుకొని స్వరం చస్తుంది. నెలకొకసారి తీసి అన్ని మెట్లూ పలికించండి. ఊగని నాలుక మూగదవుతుంది. విదేశాలనుండి ఎలక్ట్రిక్ వాద్యం తెచ్చుకుంటే, అమెరికా వాద్యాలు సుమారు 117 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టితే ఒక్క క్షణంలో కాలిపోతుంది. తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. ప్లగ్గు తీసిన తరువాతకూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. తెలియనివారు చేయి పెట్టవద్దు. టాకా అరగదీసిన పొడి సీసం. నోటితో ఊదవద్దు, చేతులు కడుక్కోండి. అన్నిటికన్న ముఖ్యం, పెట్టె ఎవరికి ఇచ్చినా, “ఇది ఫలానావారు ఫలానా శ్రుతిలో పాడిన పెట్టె” అని ఒక చీటీ వ్రాసి లోపల పెట్టండి. మావంటివారు చూసి చదువుతాము.

చివరి మనవి నన్ను గురించినది. నాకు అరవైయెనిమిది ఏండ్లు. క్రింది స్వరాల అలలు ఇప్పటికీ స్పష్టంగా వినబడుతున్నవి. పై స్థాయి చివరి ఆరేడు మెట్ల అలలు మూడేండ్లుగా నాకు వినబడడం లేదు. అక్కడ మీటరును నమ్ముకోవలసివస్తున్నది. మీటరు ముల్లు ఏమి చూపుతుందో చెప్పగలను. అది ఎవరి గొంతో చెప్పలేను. అందుకని, మీ పిల్లలలో ఎవరికైనా చెవి ఉంటే, పదవ తరగతి సెలవులలోనైనా సరే, వారానికి రెండు సాయంత్రాలు మా సత్యనారాయణపేటకు పంపండి. ఆడపిల్లలైనా మగపిల్లలైనా, తెలుగువారైనా కన్నడమువారైనా నాకు ఒక్కటే. ఫీజు లేదు. మొదటి ఆరునెలలు గీకుడుకత్తి చేతికి ఇవ్వను. నోటుబుక్కు ఇస్తాను, పెట్టెలు విని వ్రాసుకోవాలి. ఆ తెగిన గాంధారం రీడును మొదటి రోజున అరచేతిలో పెడతాను. ఆ తరువాత తక్కినది నేర్పడం కష్టం కాదు.

ఈ ఉగాదినాడు మనం పాత లెక్కలు ముగించి కొత్త లెక్కలు మొదలుపెట్టుకుంటాము. నా పాత లెక్క మీ ముందు ఉంచాను.